సీసా మీద పేరు కనపడకుండా మార్కులు వేయమనండి

సంపాదకుడు గారికి,

నమస్కారమండీ. మీ పేపర్ నేను రోజూ ఫోన్‌లో చదువుతా, ఊరి వార్తల కోసం తెరిచి సినిమా పేజీ దాకా వదలను, ఐనా ఇన్నేళ్ళలో ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మొన్న ఆదివారం అనుబంధంలో ప్రపంచంలో బెస్ట్ పది వైన్లు అని రంగురంగుల పేజీ ఒకటి వేశారు కదా, ఒక్కోదాని పక్కన 97, 96, 95 అని మార్కులు, ఆ పక్కన రేటు. ఆ మార్కులు ఎవరు వేశారు, సీసా చూసి వేశారా చూడకుండా వేశారా, ఒక్క ముక్క లేదు. కింద చిన్న బాక్స్‌లో ఏమో 1976లో పారిస్‌లో జరిగిన పోటీలో అమెరికా వైన్లు ఫ్రాన్స్ వైన్లని చిత్తుగా ఓడించాయి అని రాశారు. నా బాధంతా ఆ "చిత్తుగా" మీదే.

వైన్ గురించి ఉత్తరమేంటి, అదీ ఒక ఆడమనిషి రాయడమేంటి అనుకునేవాళ్ళు ఉంటారు, ఉండనివ్వండి. తాగమని నేనెవరికీ చెప్పట్లేదు. అసలు మన రాష్ట్రాల్లో వైన్స్ అని బోర్డు పెట్టిన షాపులో వైన్ ఒక్కటి తప్ప అన్నీ దొరుకుతాయి, బ్రాందీ, విస్కీ, బీరు, వైన్ అడిగితే ఆ కుర్రాడు లోపలికెళ్ళి దుమ్ము కొట్టుకుపోయిన సీసా ఒకటి తెచ్చి చొక్కాతో తుడిచి ఇస్తాడు, ఎప్పటి నుంచి ఎండకి ఉడుకుతోందో దానికే తెలియాలి. అలాంటి చోట పేపర్లో వచ్చిన మార్కులే జనానికి దిక్కు, కాబట్టి అవి ఎలా పడ్డాయో చెప్పాల్సిన బాధ్యత ఉంది కదండీ.

మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, పెళ్ళయ్యి 14 ఏళ్ళుగా కాలిఫోర్నియాలో లివర్‌మోర్ అనే ఊళ్ళో ఉంటున్నాం, ఇంటి నుంచి పది నిమిషాలు కారులో వెళ్తే అన్నీ ద్రాక్షతోటలే. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. ఆయనకో అలవాటు ఉండేది, శాంపిల్ కాయ పళ్ళెంలో పోశాక ఇది ఏ ఊరి సరుకు, ఏ రైతుది అని ఎవరన్నా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు, ముందు కాయ విరిచి, వాసన చూసి, గింజ చూసి, తొడిమ చూసి, ఆ తర్వాతే ఊరి పేరు అడిగేవాడు. ముందు పేరు వింటే నా ముక్కు నా మాట వినదురా అనేవాడు. నేను వైన్ గురించి నేర్చుకున్నదంతా చివరికి అక్కడికే వచ్చి ఆగింది.

ఇప్పుడు పారిస్ సంగతి. అప్పట్లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అని ఒక ఇంగ్లీషాయన వైన్ షాపు నడిపేవాడు, దానికి తోడు వైన్ పాఠాలు చెప్పే స్కూలు కూడా ఉండేది. ఆయన, ఆయన దగ్గర పనిచేసే ప్యాట్రీషియా గాలగర్ అనే అమెరికా ఆవిడ కలిసి, అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళు నిండుతున్న సందర్భం కదా అని కాలిఫోర్నియా వైన్లని ఫ్రెంచి వాళ్ళకి రుచి చూపిద్దామనుకున్నారు. పెద్దగా పేరొస్తుందని కూడా అనుకోలేదు, పేపర్ వాళ్ళని పిలిస్తే వచ్చింది ఒక్కడే, టైమ్ పత్రిక నుంచి జార్జ్ టేబర్. ఆ వైన్లు పారిస్ చేరడం కూడా ఒక తమాషా, అన్ని సీసాలు ఒక్కడే కస్టమ్స్ దాటించి తేవడం కుదరక, ఫ్రాన్స్ తోటలు చూడ్డానికి వస్తున్న కాలిఫోర్నియా టూరు బృందం చేత సామాన్లతో పాటు తెప్పించుకున్నారు, మనవాళ్ళు ఎయిర్‌పోర్టులో ఆవకాయ సీసాలు తలా ఒకటి పంచుకున్నట్టే అన్నమాట.

1976 మే 24, ఇంటర్‌కాంటినెంటల్ హోటల్. తీర్పు చెప్పేది తొమ్మిది మంది, తొమ్మిదిమందీ ఫ్రెంచి వాళ్ళే, అల్లాటప్పా మనుషులు కాదు. ఫ్రాన్స్‌లో బర్గండీ అనే వైన్ ప్రాంతంలో ఉన్న రొమానే కోంతీ తోట తరఫున ఓబేర్ ద విలేన్, పేరున్న వైన్ పత్రిక ఎడిటర్ ఓదెత్ కాన్, పెద్ద పెద్ద రెస్టారెంట్ల యజమానులు, తూర్ దార్జాన్ రెస్టారెంట్లో వైన్లు చూసుకునే హెడ్, బోర్డో అనే ఇంకో వైన్ ప్రాంతంలో సొంత తోట ఉన్నాయన ఒకరు. ముందు తెల్ల వైన్లు పది, ఆరు కాలిఫోర్నియావి, నాలుగు బర్గండీవి, అన్నీ షార్డొనే ద్రాక్షతో చేసినవే. తర్వాత ఎర్రవి పది, కాబర్నే అనే నల్ల ద్రాక్షతో చేసిన కాలిఫోర్నియావి ఆరు, నాలుగు బోర్డోవి. ఒక్కో వైన్‌కి 20 మార్కులు, అంటే తొమ్మిది మందివీ కలిపితే 180. ఏది ఎక్కడిదో తీర్పు చెప్పేవాళ్ళకి తెలీదు, కానీ మూల కూర్చున్న టేబర్ చేతిలో మాత్రం లిస్టు ఉంది. ఆయన వింటుండగానే రేమోన్ ఒలివేర్ అనే పెద్దాయన ఒక గుక్క తాగి, హమ్మయ్య, మళ్ళీ ఫ్రాన్స్‌కి వచ్చి పడ్డాం అన్నాడంట, తాగింది కాలిఫోర్నియాలోని నాపా లోయ వైన్. ఇంకొకాయన ఒక గ్లాసు వాసన చూసి ఇది ఖచ్చితంగా కాలిఫోర్నియాదే, వాసనే లేదు అన్నాడు, అది బర్గండీలో బాగా పేరున్న బాతార్ మోంత్రాషే.

తెల్లవాటి మార్కులు కూడితే కాలిఫోర్నియాదే షాటో మాంటెలీనా 1973 (అంటే 1973 పంటతో చేసింది) ఫస్ట్ వచ్చింది, 132. దాని తర్వాత బర్గండీ మెర్సో 126.5. మూడోది షలోన్ అని మళ్ళీ కాలిఫోర్నియాదే, 121. ఇక్కడ చూడాల్సింది మొత్తం కాదు, తొమ్మిది మందిలో ఆరుగురు విడివిడిగా మాంటెలీనాకే మొదటి స్థానం ఇచ్చారు, మిగతా ముగ్గురూ షలోన్‌కి ఇచ్చారు, అంటే ఒక్క ఫ్రెంచాయన కూడా ఫ్రెంచి వైన్‌కి మొదటి స్థానం ఇవ్వలేదు. ఇది గట్టి గెలుపే, ఒప్పుకుంటా.

ఎర్రవాటికి రండి. నాపా వైన్ స్టాగ్స్ లీప్ 1973కి 127.5, బోర్డో వైన్ షాటో మూటోన్ రోత్‌షిల్డ్ 1970కి 126. తేడా ఒకటిన్నర మార్కు. 180కి ఒకటిన్నర! తొమ్మిది మందిలో ఏ ఒక్కరు ఆ పూట కాస్త విసుగ్గా ఉండి రెండు మార్కులు అటూ ఇటూ వేసినా చరిత్ర మారిపోయేది. పైగా రెండు, మూడు, నాలుగు స్థానాలు మూడూ బోర్డోవే, అట్టడుగున ఉన్న నాలుగు స్థానాలు నాలుగూ కాలిఫోర్నియావే. దీన్ని చిత్తుగా ఓడించడం అంటారా? మన ఊళ్ళో సర్పంచ్ ఎలక్షన్‌లో రెండు ఓట్లతో గెలిచినాయన కూడా చిత్తుగా ఓడించానని చెప్పుకుంటాడు, నిజమే, కానీ పేపర్ అలా రాయకూడదు కదండీ.

ఇంకో చిక్కుంది. తెల్లవాటి ఫలితం ఎర్రవి రుచి చూడకముందే చదివి వినిపించేశారు. ఒకసారి దెబ్బ తిన్నాక రెండో రౌండ్‌లో ఫ్రెంచి వాళ్ళు ఎలా కూర్చుని ఉంటారో ఊహించుకోండి, ఏది కాలిఫోర్నియాదై ఉంటుందా అని వెతికే పనిలో పడతారు, రుచి సంగతి తర్వాత. అలా జాగ్రత్తపడ్డా మొదటి స్థానం చేజారింది, అది వేరే సంగతి. అయిపోయాక ఓదెత్ కాన్ గారు నా మార్కుల కాగితాలు నాకిచ్చేయండి అని పట్టుబట్టింది, స్పరియర్ ఇవ్వలేదు. నాకు ఆవిడ మీద కోపం రాదు, సగం జాలి, సగం నా మొహమే కనిపిస్తుంది, ఎందుకో కింద చెప్తా.

ఆ తర్వాత కథ కూడా మీ బాక్స్‌లో లేదు. కాలిఫోర్నియా ఎర్ర వైన్లు కుర్రతనంలో బాగుంటాయి గానీ నిలవ ఉంచితే నీరుగారిపోతాయి, మావి పాతబడే కొద్దీ బాగుపడతాయి అని ఫ్రెంచి వాళ్ళు చాలా ఏళ్ళు అంటూ వచ్చారు. సరే అని సరిగ్గా 30 ఏళ్ళకి, 2006 మే 24న, అవే ఎర్ర వైన్లని లండన్‌లోనూ నాపాలోనూ ఒకే రోజు మళ్ళీ పేర్లు దాచి రుచి చూశారు. ఈసారి ఫస్ట్ వచ్చింది రిడ్జ్ మాంటె బెల్లో 1971, పారిస్‌లో ఐదో స్థానంలో ఉన్నది. మొదటి ఐదూ కాలిఫోర్నియావే. చిత్తుగా అనే మాట వాడాలంటే ఇక్కడ వాడుకోవాల్సింది మీరు.

ఇప్పుడు మా ఇంటి పారిస్ గురించి.

పోయిన చలికాలం మా మరిది బెంగళూరు నుంచి వస్తూ నందీ హిల్స్ వైన్ ఒకటి తెచ్చాడు, గ్రోవర్ వాళ్ళ లా రిజర్వ్. ఇండియా వైన్ కూడా ఒక వైనేనా అని మా స్నేహితుల్లో ఒకాయన నవ్వాడు, ఆయనకి నాపా పిచ్చి, ఇంట్లో వైన్ పెట్టుకోడానికి వేరే ఫ్రిజ్. నాకు ఒళ్ళు మండింది. సరే రండి, పేర్లు దాచి తాగుదాం అన్నా. మొత్తం ఆరు రకాలు పోగుచేశాం, ఆయన తెచ్చిన 85 డాలర్ల నాపా కాబర్నే, కాలిఫోర్నియాలోనే పాసో రోబుల్స్‌ది 24 డాలర్లది, సొనోమాది ఒకటి, సూపర్‌మార్కెట్‌లో దొరికే 9 డాలర్లది, నందీ హిల్స్‌ది, ఇంకా మా లివర్‌మోర్‌లో నేను మెంబర్‌గా ఉన్న ఒక చిన్న వైనరీది. ఆ చివరిది నా ప్రాణం, నాలుగేళ్ళుగా తెప్పించుకుంటున్నా, ఎంతమందిలో ఉన్నా గుర్తుపడతానని అందరి ముందూ పందెం కూడా కాశాను.

మొదటిసారి మొత్తం పాడైపోయింది. నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. సీసాలకి కిరాణా కాగితం సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశాం, అంతా బానే ఉంది అనుకున్నాం, తీరా చూస్తే ఒకటి బిరడా కాదు, మెలితిప్పే మూత, మెడ చూస్తేనే తెలిసిపోతోంది, నాపాదేమో ఎత్తితే ఇటుకరాయి అంత బరువు, ఖరీదైన సీసా అని చెయ్యే చెప్పేస్తోంది. అది చాలదన్నట్టు మా తోడికోడలు వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేసింది, చారుకి ఇంగువ పోపు పెట్టింది, శనివారం కదా దేవుడి గదిలో అగరుబత్తి వెలుగుతోంది, ఇద్దరు ఆడవాళ్ళు తలలో మల్లెపూలు. ఆ వాసనల్లో వైన్ వాసన ఎవడికి కావాలి. బజ్జీ తిన్న నోట్లో ఎర్ర వైన్ పోస్తే కారం రెండింతలైంది, ఒకాయన నాలుక బయటపెట్టి పెరుగు పెరుగు అని తిరిగాడు. గ్లాసులేమో డిష్‌వాషర్ సబ్బు వాసన. ఉమ్మడానికి కప్పులు పెడితే డబ్బులు పెట్టి కొన్నది ఉమ్మేస్తామా అని ఒక్కరూ ముట్టుకోలేదు, నాలుగో గ్లాసుకల్లా అన్ని వైన్లూ అద్భుతంగా ఉన్నాయి.

రెండు వారాల తర్వాత మళ్ళీ పెట్టాం, ఈసారి పద్ధతిగా. పొయ్యి వెలిగించలేదు, సెంట్లు, పూలు వద్దన్నాం, గ్లాసులు ఉత్త వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టాం, అన్నీ ఒకే రకం గ్లాసులు, పక్కింట్లోంచి కూడా తెచ్చాం. మధ్యలో తినడానికి ఉప్పు లేని మరమరాలు, మంచినీళ్ళు, అంతే. వైన్లన్నీ గరాటుతో ఒకేలాంటి గాజు జగ్గుల్లోకి మార్చేశాం, సీసాల గొడవే లేకుండా. మా ఆయన తాగడు కాబట్టి పోసే పని ఆయనది, జగ్గులకి అక్షరాలు పెట్టాడు, తర్వాత ఆయన్ని బయటికి పంపి మా పెద్దమ్మాయి ఆ అక్షరాల మీద అంకెల చీటీలు అంటించి క్రమం మార్చేసింది, అలా ఐతే మళ్ళీ లోపలికొచ్చి పోసే మనిషికి కూడా ఏది ఏదో తెలీదు, మొహం చూసి కనిపెట్టడానికి లేదు. ఇంకొకటి, ఇది మా ఆయన ఐడియా, ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాడు లెండి, మాకెవరికీ చెప్పకుండా ఆరు వైన్లలో ఒకదాన్ని రెండు జగ్గుల్లో పోశాడు. అంటే ఏడు గ్లాసులు వచ్చాయి, ఏడోది ఎక్కడిది అంటే ఇంకో సీసా తెచ్చాలే అన్నాడు, నమ్మేశాం.

ఆరుగురం, 20 మార్కులకి, మాట్లాడకూడదు, మొహం చిట్లించకూడదు. గంటంబావు పట్టింది. ఇల్లంతా పరీక్ష హాలులా ఉంది, గ్లాసులు పెట్టే చప్పుడు, ఉమ్మే చప్పుడు తప్ప.

120కి ఫస్ట్ వచ్చింది పాసో రోబుల్స్ వైన్, 84.5. రెండోది మా మరిది తెచ్చిన నందీ హిల్స్, 83. మూడోది 9 డాలర్లది, 82. 85 డాలర్ల నాపా వైన్‌కి ఇద్దరు అందరికన్నా ఎక్కువ వేశారు, ఇద్దరు అందరికన్నా తక్కువ వేశారు, ఆ తక్కువ వేసిన ఇద్దరిలో ఒకాయన ఎవరో చెప్పక్కర్లేదు, ఫ్రిజ్ ఆయనే. నేను ఎగిరి గంతేశా, చూశారా ఇండియా సెకండ్ అని వాట్సాప్ గ్రూప్‌లో పెట్టబోతున్నా. అప్పుడు మా ఆయన నెమ్మదిగా, రెండో గ్లాసు, ఆరో గ్లాసు ఒకటే వైన్, నీ లివర్‌మోర్ వైన్ అన్నాడు. రెండో గ్లాసుకి అందరివీ కలిపి 71 వచ్చాయి, ఆరో గ్లాసుకి 80. ఒకే సీసా, ఒకే గంట, వాళ్ళే మనుషులు, తేడా 9 మార్కులు. నేనైతే రెండో గ్లాసుకి 11 వేసి "పచ్చి వాసన, ఎవరు కొంటారు దీన్ని" అని రాశా, ఆరో గ్లాసుకి 16 వేసి "ఇది నాదే అనిపిస్తోంది" అని రాశా. ఓదెత్ కాన్ గారిలా నా కాగితం లాక్కుందామని చూశా, ఇవ్వలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. అదే వైన్‌కీ అదే వైన్‌కీ మధ్య 9 మార్కులు ఊగే నాలుకలు మావి, మరి ఫస్ట్‌కీ థర్డ్‌కీ మధ్య రెండున్నర మార్కుల తేడాకి ఏం విలువ? ఏమీ లేదు. నందీ హిల్స్ సెకండ్ వచ్చిందని నేను చెప్పుకోడానికి లేదు, 9 డాలర్లది 85 డాలర్లదాన్ని ఓడించిందని ఆయన్ని ఏడిపించడానికీ లేదు. చెప్పగలిగిందల్లా ఒకటే, పేరు తీసేస్తే మాలో ఎవరికీ అవి అంత దూరంగా అనిపించలేదు. పారిస్‌లో కూడా ఏదో ఒక వైన్ రెండుసార్లు పోసి ఉంటే ఆ ఒకటిన్నర మార్కు సంగతి ఏంటో ఆ రోజే తేలిపోయేది.

మేమంటే బజ్జీల బ్యాచ్, నిపుణులకి అలా ఉండదు అంటారేమో. కాలిఫోర్నియాలోనే రాబర్ట్ హాడ్జ్‌సన్ అని ఓషనోగ్రఫీ ప్రొఫెసర్‌గా రిటైరయినాయన, సొంతంగా చిన్న వైనరీ కూడా ఉంది, తన వైన్‌కి ఒక పోటీలో గోల్డ్ మెడల్ వచ్చి ఇంకో పోటీలో ఏమీ రాకపోవడం చూసి చిరాకుపడి, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో తీర్పు చెప్పేవాళ్ళ మీద 2005 నుంచి నాలుగేళ్ళు మా ఆయన చేసిన పనే చేశాడు, ఒకే సీసాలోంచి మూడు గ్లాసులు మిగతా వాటి మధ్యలో కలిపి ఇచ్చాడు. ప్రతిసారీ ఒకే మెడల్ రేంజ్‌లో మార్కులు వేయగలిగింది పదిమందిలో ఒకరు. అలాంటి ఒకరు కూడా మరుసటి ఏడాది నిలకడగా లేరు. పైగా వీళ్ళు రోజూ చేసే పని ఇది. బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే ఎర్ర వైన్‌కి వాడే మాటలన్నీ రాసుకొచ్చారు, అది 2001లో అచ్చయ్యింది. ఇక రేటు సంగతి ఐతే 2008లో కాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల వాళ్ళు తేల్చేశారు, ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లని, ఒకసారి 90 డాలర్లని చెప్పి తాగిస్తే 90 అన్నప్పుడే బాగుందన్నారు, వట్టి మాట కాదు, స్కానర్‌లో చూస్తే మెదడులో సంతోషం తెలిసే చోటు కూడా అప్పుడే ఎక్కువ వెలిగింది. అబద్ధం ఆడట్లేదు పాపం, నిజంగానే రుచిగా అనిపించింది. అందుకే మార్కుల పక్కనే రేటు అచ్చు వేయడం చూస్తే నాకు మండుతుంది, చదివేవాళ్ళ నాలుక మీద మీరే ముందు చక్కెర వేసి పంపుతున్నారు.

ఐతే పేరు దాచేస్తే చాలా అంటే అదీ కాదు. దేన్ని దేనితో పోలుస్తున్నామో తెలియాలి. మేం చేసిన తప్పు అదే, ఆరు తోటలు, ఆరుగురు తయారీదారులు, నాలుగు రకాల పంట సంవత్సరాలు, నందీ హిల్స్‌దేమో కాబర్నే, షిరాజ్ అని రెండు ద్రాక్షలు కలిపింది, అన్నీ కలగాపులగం, ఏది ఎందుకు నచ్చిందో చెప్పలేం. నేల తేడా తెలియాలంటే చేసే చెయ్యి, ద్రాక్ష, సంవత్సరం ఒకటే ఉంచి తోట మార్చాలి. చెయ్యి తేడా తెలియాలంటే తోట ఒకటే ఉండాలి. దానికి బర్గండీలో క్లో ద వూజో అని భలే తోట ఉంది, గోడ కట్టిన 125 ఎకరాల చెక్క, దానికి 80 మంది దాకా యజమానులు, మన ఊళ్ళో అన్నదమ్ముల పంపకాల్లో గట్లు పడ్డట్టు వరసలు వరసలుగా పంచుకున్నారు, సీసా మీద అందరికీ తోట పేరు ఒకటే, లోపల మాత్రం ఎవరి వైన్ వాళ్ళది. తొక్కలతో ఎన్ని రోజులు నానబెట్టాడు, కొత్త ఓక్ పీపాలో పెట్టాడా పాతదాంట్లో పెట్టాడా, అక్కడ తేడా వచ్చేస్తుంది, కొత్త పీపా ఐతే వెనిలా ఐస్‌క్రీమ్ వాసన దొంగచాటుగా వస్తుంది. పారిస్‌లో గెలిచిన మాంటెలీనా ఉంది చూశారూ, వైనరీ నాపాలో ఉంది, పేరు నాపాకి వచ్చింది, ఆ ద్రాక్షపళ్ళలో ఎక్కువ భాగం మాత్రం పక్క జిల్లా సొనోమా రైతులవి, చేసిన చెయ్యి క్రొయేషియా నుంచి వలస వచ్చిన మైక్ గర్గిచ్‌ది. నాపా గెలిచిందనాలా, సొనోమా గెలిచిందనాలా, గర్గిచ్ గెలిచాడనాలా? స్టాగ్స్ లీప్ చేసిన వారెన్ వినియార్‌స్కీ అంతకుముందు షికాగో యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకున్న మనిషి, ఆ 1973 ద్రాక్ష కోసేనాటికి ఆయన తోటలో తీగలకి మూడేళ్ళే. ముసలి తీగలైతేనే గొప్ప వైన్ అని చెప్పేవాళ్ళు ఆ రోజు ఏమన్నారో నాకు వినాలనుంటుంది.

బోర్డోలో ఇప్పటికీ వేదంలా చెప్పుకునే 1855 వర్గీకరణ ఉంది కదా, అది మాత్రం రుచి చూసి చేసింది కాదు, వైన్ బ్రోకర్లు అప్పటికి ఏ తోట వైన్ ఎంత రేటు పలుకుతోందో చూసి వరస పెట్టేశారు. మూటోన్‌ని అందులో రెండో తరగతిలో పెడితే మొదటి తరగతికి రావడానికి 1973 దాకా పట్టింది. మూడేళ్ళు తిరక్కుండానే పారిస్‌లో ఒకటిన్నర మార్కుతో రెండో స్థానం, పాపం.

ఇంకో చిన్న మాట చెప్పి ఆపేస్తా, కొంచెం పక్కదారే. మీ పేజీలో వైన్ రుచుల గురించి బ్లాక్ కరంట్, సీడార్, గ్రాఫైట్ అని ఇంగ్లీషు మాటలు దించేశారు. తెలుగు చదివేవాళ్ళలో బ్లాక్ కరంట్ పండు ఎంతమంది తిన్నారండీ? మనకి నేరేడు పండు ఉంది, తిన్నాక నాలుక నల్లబడి పళ్ళ మీద గరగరలాడే ఆ వగరు కాబర్నేలో అచ్చం అలాగే ఉంటుంది. ఇంగ్లీషులో టానిన్ గురించి పేజీలు పేజీలు రాస్తారు, మనకి వగరు అని ఒక్క మాటలో ఉంది, పైగా పిందె జామకాయ వగరు వేరు, వక్క వగరు వేరు, వెలక్కాయ వగరు వేరు అని మన పిల్లలకి కూడా తెలుసు. మా రెండో పోటీలో అందరూ ఇంగ్లీషులో రాసిన చీటీలు ఒకేలా ఉన్నాయి, స్మూత్, నైస్, ఫ్రూటీ, అంతే. మా తోడికోడలు ఒక్కతే తెలుగులో రాసింది, నాపా వైన్‌కి "వక్క నమిలినట్టుంది, చివర్లో బెల్లం పాకం మాడిన వాసన", నందీ హిల్స్‌కి "ముందు నేరేడు, వెనక మిరియం". చీటీ చదివితే చాలు నోట్లోకి రుచి వచ్చేసింది. వైన్ గురించి రాయించాలంటే ఆవిడ చేత రాయించండి.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఇకమీదట వైన్‌కి గానీ, కాఫీకి గానీ, ఆఖరికి బిర్యానీకి గానీ మీ పేపర్లో మార్కులు వేస్తే కింద రెండు లైన్లు రాయండి, పేరు దాచి రుచి చూశారా లేదా, ఎంతమంది చూశారు, మొదటిదానికీ రెండోదానికీ తేడా ఎంత, ఏదైనా ఒకటి రెండుసార్లు పెట్టి చూశారా. రేటు కావాలంటే ఇంకో పేజీలో వేసుకోండి. మన హైదరాబాద్ దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ గార్లు హంపి కొండల దగ్గర తోట వేసి వైన్ చేస్తున్నారు కదా, తెలుగువాళ్ళది కాబట్టి రేపో మాపో మీరు దాని మీద పెద్ద వ్యాసం వేస్తారు, వేయండి, కానీ తెలుగువాళ్ళదని ముందే మార్కులు పడకుండా చూడండి. ఆ సీసా ఒకటి డిసెంబర్‌లో మా మరిది తెస్తానన్నాడు, మళ్ళీ జగ్గులు బయటికి తీస్తున్నాం, ఈసారి అన్నీ కాబర్నేలే, అన్నీ ఒకే సంవత్సరానివి. ఏది రెండుసార్లు పోస్తాడో మా ఆయన చెప్పట్లేదు. నా 11, 16 చీటీని మాత్రం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం పెట్టి అంటించాడు, ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తున్నాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
లివర్‌మోర్, కాలిఫోర్నియా